పంచారామాలు ఒక్కరోజులో చుట్టేయాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాలూ మెసేజ్‌లూ అన్నీ ముందేసుకుని చూస్తే సగం పైన మా గోదారి గుళ్ల గురించే ఉన్నాయండి. కార్తీకం దగ్గర పడుతోంది కదా. అందరికీ రాయాలని ఉంది గానీ నాకిచ్చింది ఇంత చోటే, కాబట్టి ఓ ఆరు తీసుకున్నాను.

ప్రశ్న: అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. కార్తీక సోమవారం నాడు పంచారామాలు ఐదూ ఒకే రోజు చూడాలని పట్టుబట్టి కూర్చుంది. ఆర్టీసీ స్పెషల్ బస్సు మంచిదా, కారు మాట్లాడుకోమంటారా?
*ఒక కూతురు, హైదరాబాద్*

ఐదూ ఒక్కరోజులో అవుతాయమ్మా, అవవని చెప్పను, బస్సు వాళ్లు ఏటా చేయిస్తూనే ఉన్నారు. కానీ ఆ రోజు మీ అమ్మగారు చూసేది ముందు నిలబడ్డావిడ జడే గానీ శివుణ్ణి కాదు. నా మాట వినండి, సోమవారం వదిలేయండి. కార్తీకంలో బుధవారం నాడు వెళ్తే శివుడేమీ మొహం తిప్పేసుకోడు. అలాగే ఐదింట్లో అమరావతి కృష్ణ ఒడ్డున ఉంది, దాన్ని ఇంకో ట్రిప్పుకి ఉంచుకుంటే మన గోదారి జిల్లాల్లో ఉన్నవి నాలుగు. సామర్లకోట, ద్రాక్షారామం ఒక రోజు, రాత్రికి కాకినాడలో పడుకుని రెండోరోజు పాలకొల్లు, భీమవరం. ఈ చివరి రెండిటి మధ్యా ఇరవై కిలోమీటర్ల పైచిలుకే. కారే మంచిది, మధ్యలో ఎక్కడంటే అక్కడ ఆపుకుని అమ్మగారి కాళ్లు చాపుకోనివ్వొచ్చు.

ఇక మెట్ల సంగతి, అసలు మీరు అడగాల్సింది ఇదే. సామర్లకోటలోనూ ద్రాక్షారామంలోనూ గర్భాలయం రెండంతస్తులు. లింగం కింద నుంచి మొదలై పై అంతస్తులోకి లేస్తుంది, సామర్లకోటలోదయితే 14 అడుగులు. కింద నుంచి చూస్తే కింది భాగమే కనపడుతుంది, అభిషేకం జరిగేది పైన, దానికి మెట్లెక్కాలి. అమ్మగారిని కింద కూర్చోబెట్టి మీరు పైకెళ్లి రండి, లేదూ ఎక్కుతానంటే తొందరపెట్టకుండా ఎక్కించండి, వెనక ఎవరో విసుక్కుంటారని మాత్రం లాక్కెళ్లకండి. భీమవరం గునుపూడి గుళ్లో, అదే సోమారామంలో, ఇంకో తమాషా, కింద సోమేశ్వరుడు, ఆయన నెత్తిన పై అంతస్తులో అన్నపూర్ణమ్మవారు. అక్కడా మెట్లే. పాలకొల్లులో ఈ బాధ లేదు, తొమ్మిది అంతస్తుల గోపురం 120 అడుగులు, కింద నుంచునే మెడ నొప్పెట్టేదాకా చూడొచ్చు.

అన్నట్టు సామర్లకోటలోనూ ద్రాక్షారామంలోనూ స్వామి పేరు భీమేశ్వరుడే, ఆ పేరు వినగానే అందరూ పాండవుల భీముడనుకుంటారు. మొన్న సామర్లకోట స్టేషన్ నుంచి నన్ను తీసుకెళ్లిన ఆటో అబ్బాయి కూడా గదతో సహా కథ చెప్పేశాడు, కాదనడానికి మనసొప్పలేదు. ఈయన తూర్పు చాళుక్యుల భీముడండి, 9వ శతాబ్దం చివర్లో రాజ్యానికొచ్చినాయన, ద్రాక్షారామం సామర్లకోట గుళ్లు రెండూ ఆయన కట్టించినవే. అందుకే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకటి చూశాక రెండోది చూస్తే ఇక్కడికి ముందే వచ్చామే అనిపిస్తుంది. ద్రాక్షారామంలో గర్భాలయం చుట్టూ లోపలి ప్రదక్షిణ దారి చీకటిగా ఉంటుంది, అమ్మగారి చెయ్యి పట్టుకోండి. అక్కడే మాణిక్యాంబ అమ్మవారు, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. గోడల మీదా స్తంభాల మీదా వందల కొద్దీ శాసనాలు, ఎవరు దీపానికి గొర్రెలిచ్చారో ఎవరు పొలం రాసిచ్చారో అన్నీ రాతిలో చెక్కి ఉన్నాయి. ఒక్కరోజు బస్సులో వచ్చినవాళ్లకి ఇవి చూసే టైమ్ ఎక్కడిది చెప్పండి, డ్రైవర్ హారన్ కొట్టేస్తుంటే.

ప్రశ్న: పోయిన నెల మీరు భీమవరం సోమారామం లింగం రంగు మారడం గురించి "అలా నమ్ముతారు" అని రాశారు. నమ్ముతారు ఏంటండీ, మారుతుంది. మీకు దేవుడంటే అంత లెక్కలేదా?
*భీమవరం నుంచి ఒక పెద్దాయన*

బాబాయిగారూ, కోపం తెచ్చుకోకండి. పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లబడి ఉంటుందని మీరన్నది నేనూ చిన్నప్పట్నించీ వింటున్నదే. నేను పౌర్ణమికి ఒకసారి వెళ్లాను, అమావాస్యకి ఒకసారి వెళ్లాను. పౌర్ణమి నాడు విభూతి, పూలు, పాలు, లింగం కనపడితే కదా. అమావాస్య నాడు కరెంటు పోయింది. ఇంక నేనేం రాయను చెప్పండి? ఈసారి మీరే దగ్గరుండి చూపించండి, వస్తాను. గుడి ముందున్న చెరువు గట్టున సాయంత్రం కూర్చుంటే ఎంత బాగుంటుందో మాత్రం ఏ అనుమానం లేకుండా రాయగలను.

ప్రశ్న: మేం బెంగళూరులో ఉంటాం. పిల్లలు మైసూర్ ప్యాలెస్ చూసొచ్చాక తాతగారి ఊళ్లో కూడా ప్యాలెస్ ఉందా అని పీకుతున్నారు. ఊరు కొత్తపేట దగ్గర. కోటలు, రాజభవనాలు ఏమైనా ఉన్నాయా?
*ఒక తండ్రి*

మైసూరు లాంటిది లేదండి, ఉందని చెప్పి మిమ్మల్ని తిప్పితే పిల్లలు నన్ను తిడతారు. మనది ఒండ్రు నేల, ఎంత తవ్వినా మట్టే గానీ రాయి తగలదు, ఇక్కడ రాతి గుడి కనపడిందంటే ఆ రాయి ఎక్కడినుంచో మోసుకొచ్చిందే. రాజమండ్రి రాజరాజనరేంద్రుడి రాజధానే, ఆదికవి నన్నయ కూర్చుని భారతం మొదలెట్టింది ఆయన దగ్గరే, కానీ ఆ రాజభవనం చూపించమంటే ఎవరూ చూపించలేరు. కాబట్టి ప్యాలెస్ మాట మర్చిపోయి పిల్లలకి నీళ్లని ఎలా లొంగదీశారో చూపించండి, నన్నడిగితే ఈ నేల మీద కట్టిన అసలైన కోటలవే.

పొద్దున్నే ధవళేశ్వరం వెళ్లండి. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా గోదారికి అడ్డంగా ఆనకట్ట కట్టించాడు. అంతకు ముందు 1833 ప్రాంతంలో కరువు, 1839లో ఉప్పెన, జనం అల్లాడిపోయారు. ఆనకట్టకి రాయి ధవళేశ్వరం కొండనుంచే, పట్టాలేసి బళ్ల మీద దొర్లించుకొచ్చారు. ఇప్పుడు మీరు కారేసుకెళ్లేది దాని బదులు 1982కి పూర్తయిన కొత్త బ్యారేజీ, నాలుగు ముక్కలుగా ఏటి మధ్య లంకల్ని కలుపుకుంటూ వెళ్తుంది. పక్కనే కాటన్ మ్యూజియం, అప్పుడు వాడిన యంత్రాలు బయటే పెట్టి ఉన్నాయి, పిల్లలు వాటి మీదెక్కకుండా చూసుకోండి. మా ఊళ్లలో గుర్రం మీద కూర్చున్న దొర విగ్రహం లేని సెంటర్ తక్కువ, దేశం కాని దేశం వాడికి దండలెందుకేస్తారా అని పిల్లలడిగితే కాలవ గట్టు మీద నిలబెట్టి రెండు పక్కలా పచ్చటి చేలు చూపించండి, చాలు.

అక్కణ్ణించి కిందకి వస్తే పి.గన్నవరం, మీ ఊరికి దగ్గరే. ఇది చూడకుండా వెళ్లకండి. కింద వైనతేయ గోదారి పారుతుంటుంది, దాని నెత్తిమీంచి వంతెన మీద కాలవ పారుతుంటుంది. పాతది ఆనకట్ట కాలంలోనే కట్టారు, 49 కమాన్లు, ఇంజనీరు హేగ్ దొర. కమాన్లు లెక్కపెట్టమంటే పిల్లలు ఓ అరగంట మీ జోలికి రారు, మా వాడు మూడుసార్లు లెక్కపెట్టి మూడుసార్లూ వేరే నంబరు చెప్పాడు. ఇప్పుడు నీళ్లు వెళ్లేది కొత్తదాంట్లో, దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడెవరో కూడా చెప్పండి, ఇక్కడికి దగ్గర్లోని లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఎవరొచ్చినా ఆకేసి అన్నం పెట్టినావిడ, రేవు దాటలేక చిక్కుకుపోయిన వాళ్లకి ఆవిడిల్లే సత్రం. 1909లో పోయారు, ఇప్పటికీ ఇక్కడ ఎవరైనా గట్టిగా భోజనం పెడితే సీతమ్మ గారి చెయ్యి అంటారు.

టైముంటే సాయంత్రం రాజమండ్రి పుష్కరాల రేవుకొచ్చేయండి. హేవ్‌లాక్ వంతెన కట్టడం 1897లో మొదలెట్టారు, 1900 నుంచి దగ్గర దగ్గర వందేళ్లు రైళ్లు మోసి 1997లో ఊరుకుంది. ఇంకోటి 1974ది, కింద రైలు పైన రోడ్డు, మూడోది కమాన్ల వంతెన. పడవలో కూర్చుని చూస్తే మూడూ ఒకే చూపులో. మైసూరులో ఇది లేదు కదా అనండి పిల్లలతో.

ప్రశ్న: ర్యాలి గుడి విగ్రహం వెనక వైపు కూడా చూడనిస్తారా? ఆడవాళ్లు వెళ్లొచ్చా?
*ఒక గృహిణి, నెల్లూరు*

చూడనిస్తారమ్మా, అందరికీ. జగన్మోహినీ కేశవస్వామి అంటే ముందు కేశవుడు, వెనక మోహిని, ఒకే నల్లరాయి, ఐదడుగులు. పూజారిగారు వెనక్కి తీసుకెళ్లి వెలుతురు చూపిస్తూ జడ ముడి, మెడ వెనక నగలు ఒక్కోటీ చెబుతారు, అది వింటూ చూడాలి, వినకుండా చూస్తే సగమే కనపడుతుంది. మోహిని జడలోంచి పువ్వు రాలిన చోటు కాబట్టి ర్యాలి అంటారు. ఎదురుగా శివాలయం, అదీ చూసేయండి. మధ్యాహ్నం తలుపులేసేస్తారు, పొద్దున్నే వెళ్లండి. వచ్చేప్పుడు ఆత్రేయపురం మీదుగా రండి, పూతరేకులు అట్టపెట్టెలో కట్టినవి కాకుండా ఇంటి అరుగు మీద ఆవిడ కాగితంలా తీస్తుంటే అక్కడ కొనుక్కోండి. నెయ్యిదా డాల్డాదా అని మాత్రం ముందే అడగండి, సిగ్గు పడకండి.

ప్రశ్న: ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నా. జనం లేకుండా, ప్రశాంతంగా పాత శిల్పం చూసుకునే చోటు గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా ఉందా?
*ఒక విద్యార్థి, విశాఖపట్నం*

బిక్కవోలు వెళ్లవయ్యా. ఎవరూ చెప్పరు నీకిది. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి బిరుదు మీద ఊరికి ఆ పేరొచ్చిందంటారు, 9, 10 శతాబ్దాల చాళుక్యుల గుళ్లు ఊళ్లో కొన్ని, ఊరి బయట వరి చేల మధ్య కొన్ని. గోలింగేశ్వరుడు, చంద్రశేఖరుడు, రాజరాజేశ్వరుడు ఊళ్లో. చేలల్లో ఉన్నవాటికి జనం పెట్టుకున్న పేర్లు వింటే నవ్వొస్తుంది, కంసరాజు గుడి, నక్కల గుడి. గట్టు మీద నడిచి వెళ్లాలి, వర్షాకాలం అయితే చెప్పులు చేతిలో పట్టుకో. తెల్లారి ఏడింటికి నేను వెళ్తే గుళ్లో నేనూ, గడ్డి కోసుకుంటున్న ఒకాయనా, ఓ గేదె. గోడల గూళ్లలో వినాయకుడు, సూర్యుడు, గంగా యమునలు, చెయ్యి తిరిగినవాడు చెక్కిన పని అది, పెద్ద గుళ్లలో సున్నాలూ రంగులూ వేసి పాడుచేసినట్టు ఇక్కడ ఎవరూ చెయ్యలేదు. ఊళ్లోని లక్ష్మీగణపతికి జనం మాత్రం బాగానే వస్తారు, ఆయన చెవిలో కోరిక చెప్పుకోవడం అలవాటు, నీ పరీక్షల సంగతి నువ్వూ చెప్పుకో. ఇంకో రోజుంటే ఆదుర్రు బౌద్ధ స్తూపం, కోనసీమలో వైనతేయ ఒడ్డున కొబ్బరితోటల మధ్య, బండి చక్రానికి ఆకులున్నట్టు కట్టిన పునాది. చూడ్డానికి ఇటుకలే, ఊహ ఉన్నవాడికి చాలా ఉంది.

ప్రశ్న: నరసాపురం దాకా కారులో వచ్చి అంతర్వేది వెళ్లాలి. పంటు మీద కారు ఎక్కిస్తారా? తిరిగి సాయంత్రానికి వచ్చేయొచ్చా?
*కొత్తగా పెళ్లయిన జంట, విజయవాడ*

ఎక్కిస్తారు, పంటంటే బళ్లని కూడా ఏరు దాటించే పెద్ద పడవే కదా. నరసాపురం రేవులో ఎక్కితే వశిష్ఠ గోదారి పాయ దాటి సఖినేటిపల్లిలో దింపుతారు, అక్కణ్ణించి అంతర్వేది దగ్గరే. వరద టైములో పంటు ఆపేస్తారు, అది ముందే కనుక్కోండి. గుడి పశ్చిమ ముఖం, లక్ష్మీనరసింహస్వామి, ఇప్పుడున్న ఆలయం కొపనాతి కృష్ణమ్మ గారు 1823లో కట్టించింది. పేరు చూసి ఆవిడనుకోకండి, మా సైడు మగవాళ్లకీ పెట్టుకునే పేరే. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, తెల్లారితే భీష్మ ఏకాదశి రథం. పాత రథం 2020లో కాలిపోయింది, 2021 కల్యాణానికి కొత్తది చేయించారు. అప్పుడు వెళ్తే తిరునాళ్ల సందడి, మామూలు రోజుల్లో వెళ్తే సముద్రమంతా మీ ఇద్దరిదే. మీ ఇద్దరికీ రెండోదే సరి.

గుడి అయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లండి, గోదారి సముద్రంలో కలిసేది అక్కడే, నీళ్లు రెండు రంగులుగా కనపడతాయి. అక్కడ టైమ్ తెలీదు, జాగ్రత్త. నేను మా ఆవిడా పెళ్లయిన కొత్తలో ఇలాగే గట్టు మీద కూర్చుండిపోయి ఆఖరి పంటు పోగొట్టుకున్నాం. రేవులో పంటు అవతలి ఒడ్డుకి చేరి లైటు ఆర్పేసుకుంటుంటే ఇవతల నుంచి కేకలేశాను, ఎవడు వింటాడు. వెనక్కి తిరిగి రాజోలు, దిండి మీదుగా చించినాడ వంతెనెక్కి పాలకొల్లు చుట్టుకుని నరసాపురం చేరేసరికి అత్తగారింట్లో అందరూ వీధిలో నిలబడున్నారు. పెట్రోలు ముందే కొట్టించుకోండి. ఆఖరి పంటు ఎన్నింటికో వెళ్లేప్పుడే రేవులో అడిగి చేతి మీద రాసుకోండి.