పక్షుల సైటు పెడతానంటున్న మేనకోడలికి

అమ్మడూ,

కొల్లేరు పక్షుల మీద వెబ్‌సైటు పెడుతున్నావని, రెడీమేడ్ టెంప్లేట్ లేకుండా పేజీల కోడ్, అదే హెచ్‌టీఎంఎల్, నువ్వే రాసుకుంటానంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. ఆటపాకలో తీసిన గూడబాతుల ఫొటోలకి ఇన్నాళ్లకి ఒక చోటు దొరికిందని సంతోషమేసింది. వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఎందుకో చెప్తాను, ముందు చిన్నాచితకావి కానీ.

రాయడానికి వీఎస్ కోడ్ చాలు, ఉచితమే. నీ పాత ల్యాప్‌టాప్ దాన్ని మోయలేకపోతే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ పెట్టుకో. వర్డ్‌లో టైపు చేసి వెబ్ పేజీగా సేవ్ చేసే పని మాత్రం వద్దు, అది తగిలించే చెత్త ఏరలేక చస్తావు. వీఎస్ కోడ్‌లో ఖాళీ హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరిచి, ఆశ్చర్యార్థకం కొట్టి ట్యాబ్ నొక్కితే పేజీ చట్రం మొత్తం వచ్చేస్తుంది. అందులో భాష దగ్గర ‘ఈఎన్’ అని ఉంటుంది, ‘టీఈ’ చెయ్యి. చూపు లేనివాళ్లకి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని బట్టే గొంతు ఎంచుకుంటుంది.

ఇక నా భయం సంగతి. మీ నాన్న ఇది నీకు చెప్పి ఉండడు. నువ్వు పుట్టకముందు, విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో, బావ సామెతలు పోగేసేవాడు. ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా కనపడాలంటే కంట్రోల్ ప్యానెల్లో ఎక్కడో టిక్కు పెట్టి, సీడీ వేసి ఫైళ్లు ఎక్కించుకోవాలి. అంత తిప్పలూ పడి, ఆఫీసు నుంచి వచ్చాక నోట్‌ప్యాడ్‌లో కొట్టేవాడు. ఒక ఊళ్లో అనే సామెత పక్క ఊళ్లో ఎలా మారుతుందో కూడా కిందనే రాసేవాడు. సైటులో పెడదామని ఒకరోజు ఆ ముక్కలన్నీ ఒక కొత్త ఫైల్లో అతికించాడు. అప్పటి నోట్‌ప్యాడ్ కొత్త ఫైలుని, మనం మార్చకపోతే, ఏఎన్‌ఎస్‌ఐగా, అంటే తెలుగు అక్షరాలు పట్టని పాత పద్ధతిలో దాచేది. యూనికోడ్ అక్షరాలు, అంటే తెలుగంతా, పోతాయని హెచ్చరిస్తూ పెట్టె కూడా వచ్చింది. బావ చదవకుండా ఓకే కొట్టాడు. తెర మీద తెలుగు అలాగే ఉంది, ఇక అనుమానం ఎందుకొస్తుంది? గజిబిజిగా ఉన్నాయని పాత ముక్కలన్నీ తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఊడ్చేసి పడుకున్నాడు.

మర్నాడు తెరిస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. ఫాంటు మారిస్తే వస్తాయేమోనని నా దగ్గరికి తెచ్చాడు. రావు బావా అని చెప్పలేక గంటసేపు ఏదో నొక్కుతూ కూర్చున్నాను. అక్షరాలు తప్పుగా కనపడితే బాగుచెయ్యొచ్చు. ఇక్కడ ఫైల్లోకి ఎక్కినవే ప్రశ్నార్థకాలు. ఖాళీలు, చుక్కలు మాత్రం పదిలం. అంటే సామెత ఎంత పొడవో తెలుస్తోంది, ఏ సామెతో తెలియట్లేదు. బావ ఆ గుర్తులు లెక్కపెట్టి, ఇది ఫలానాది అయ్యుంటుందని కొన్ని పోల్చాడు కూడా. తర్వాత వదిలేశాడు. నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుంటే వెనక నిలబడి ‘సేవ్ చేశావా’ అని చంపుతాడు చూడు, విసుక్కోకమ్మా.

2019 నుంచి నోట్‌ప్యాడ్ కూడా యూటీఎఫ్-8 గానే, అంటే తెలుగు పోకుండానే, దాస్తోందిలే. అయినా నా తృప్తి కోసం వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు ఆ మాట ఉందో లేదో చూడు. అక్షరాలు ఏ పద్ధతిలో దాచావో బ్రౌజర్‌కి చెప్పే మెటా చార్‌సెట్ లైను ఫైల్లో మొదటి 1024 బైట్లలోపే ఉండాలి, టైటిల్ కంటే పైన పెట్టెయ్. ఎవరైనా యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన వ్యాసం ఇస్తే యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే అతికించు. కొత్త ఫైలు మూసి, మళ్లీ తెరిచి, కళ్లారా చూసేదాకా పాతది తీసెయ్యకు. తీసేశావని తెలిసిందో, బస్సెక్కి వచ్చి చెవి మెలేస్తాను.

బ్రౌజర్‌లో బాగానే కనపడుతోందని మురిసిపోకు. మనవరాలి తప్పులన్నీ కడుపులో పెట్టుకునే అమ్మమ్మ లాంటిది అది. ఫొటోకి ఆల్ట్, అంటే అందులో ఏముందో చెప్పే మాట, రాసి చివర కొటేషన్ మూయకపోతే, తర్వాతి కొటేషన్ దాకా ఉన్నదంతా మింగేస్తుంది. ఎర్రకాళ్ల కొంగ గురించి నువ్వు రాసిన పేరా మాయమైపోతుంది, అది మాత్రం కిక్కురుమనదు. అందుకే వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ వాళ్ల చెకర్‌లో ఫైలు ఎక్కించు, లేదా కోడ్ అతికించు. లైను నంబరుతో సహా చెప్తుంది. ఎర్రగా వరసపెట్టి వస్తే బెంబేలెత్తకు. మొదటిది దిద్ది మళ్లీ నడుపు, చాలామటుకు దాంతోనే పోతాయి. పక్షి పేరు తప్పు రాస్తే మాత్రం అది పట్టుకోలేదు.

ఫొటో ఫైళ్ల పేర్లన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టు. కెమెరాలు చివర జేపీజీ అని పెద్ద అక్షరాల్లో ఇస్తాయి. విండోస్‌కి రెండూ ఒకటే, లినక్స్ సర్వర్‌కి కాదు. ఇంట్లో కనిపించిన గూడబాతు అక్కడ కనపడదు.

ఒకటి మరిచిపోయాను. తెలుగుకి లైన్ల మధ్య ఎడం కాస్త ఎక్కువ కావాలి, లేకపోతే ఒత్తులు కింది లైనుకి తగులుతాయి. లైన్ హైట్ 1.6తో మొదలుపెట్టి ఫోన్లో చూసుకో. సంక్రాంతికి వస్తారుగా, అది పక్కన కూర్చుని సరిచేద్దాం. ల్యాప్‌టాప్‌తో పాటు ఈసారి ఛార్జర్ కూడా తీసుకురా తల్లీ.

మీ మావయ్య