గేమ్ మధ్యలో ఆగి ఆగి నడిచే పీసీ: అల్లుడికి మామ ఉత్తరం

కొర్లగుంట,
తిరుపతి.

అల్లుడూ,

గేమ్ ఆడేటప్పుడు బొమ్మ జెర్కులు కొడుతోందని, మధ్యమధ్యలో ఒకటి రెండు సెకన్లు మొత్తం స్ట్రక్ అయిపోతోందని రాశావు. పైగా ఆదివారం చెన్నై పోయి రిచీ స్ట్రీట్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు తెస్తానంటున్నావు. ఆ ప్రయాణం కొన్నాళ్లు ఆపు. నీ 3060 టీఐ కార్డు సగటున 110 ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీదికి వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) ఇస్తోందని నువ్వే చెప్పావు. కార్డుకు సత్తువ చాలకపోతే ఎఫ్‌పీఎస్ మొదటి నుంచీ తక్కువే ఉంటుంది. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిందంటే చాలాసార్లు దానికి అందాల్సిన పని అందడంలో ఎక్కడో ఆలస్యం అవుతోందన్నమాట. ఆ ఆలస్యం డిస్కు దగ్గరా, ర్యామ్ దగ్గరా, డ్రైవర్ వల్లా, వేడి వల్లా అన్నది తేలకుండా ఏది కొన్నా దండగే.

ఒక్క స్క్రూ కూడా విప్పకముందు కనిపెట్టాల్సినవి మూడున్నాయి. బొమ్మ ఆగినప్పుడు సౌండ్ ఏమైంది? సౌండ్ కూడా ట్ర్‌ర్‌ర్ అని ఒకే ముక్క దగ్గర ఇరుక్కుంటే సిస్టమ్ మొత్తం ఆగినట్టు. అప్పుడు డిస్కు, బయాస్ (బోర్డు మీది చిప్‌లో ఉండి పీసీని లేపే ప్రోగ్రామ్), ర్యామ్, డ్రైవర్ల వైపు చూడాలి. సౌండ్ మామూలుగా సాగుతూ బొమ్మ మాత్రమే ఆగితే కార్డు మెమరీ, షేడర్లు (బొమ్మకు రంగు, వెలుగు వేసే చిన్న ప్రోగ్రాములు), ఆ గేమ్ ఇంజిన్ వైపు చూడాలి. రెండోది, ఆన్‌లైన్ ఆటల్లో మౌస్ తిప్పితే నీ చూపు సాఫీగానే తిరుగుతూ, ఎదుటివాళ్లు మాత్రం గెంతుతూ, నువ్వు ముందుకు పోయినవాడివి మళ్లీ వెనక్కి వచ్చి పడుతుంటే తప్పు పీసీది కాదు, నెట్‌ది. కమాండ్ ప్రాంప్ట్‌లో రౌటర్ అడ్రస్‌కు ఆగకుండా పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తోందో కొలిచే కమాండ్) పెట్టి ఆడు. చాలా ఇళ్లలో అది 192.168.0.1 లేదా 192.168.1.1 ఉంటుంది. రౌటర్ పింగే 2 మిల్లీసెకన్ల నుంచి 150కి ఎగిరితే వైఫై మానేసి లాన్ కేబుల్ లాగించుకో. రౌటర్ దాకా బాగుండి బయటికి పోయే పింగ్ మాత్రమే ఎగురుతుంటే కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చెయ్యి. మూడోది టైము. ఆట మొదలుపెట్టగానేనా, అరగంట తర్వాతా, కొత్త చోటికి పోయినప్పుడా, ఏ లెక్కా లేకుండానా? ఆగిన ప్రతిసారీ గడియారం చూసి రాసిపెట్టుకో. దాంతో తర్వాత పనుంది.

ఇక ఎఫ్‌పీఎస్ అంకెను నమ్మొద్దు. 99 ఫ్రేములు మొదటి అర సెకనులో వచ్చేసి, నూరోదానికి మిగతా అర సెకను పట్టినా తెర మీద 100 అనే కనబడుతుంది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ వేసుకుంటే దాంతోపాటే రివాట్యూనర్ వస్తుంది. అందులో ఫ్రేమ్‌టైమ్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు పట్టే టైమును, గ్రాఫ్‌గా పెట్టుకో. 60 ఎఫ్‌పీఎస్‌కు ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 144కు 6.9. గీత చదునుగా పోవాలి. అక్కడక్కడా ఒక సూది లేచి 40, 50ని తాకితే కంటికి జెర్కుగా తెలుస్తుంది. 1000 దాటిందంటే అది నువ్వు చెప్పే ఫ్రీజ్. సూదులు సమాన దూరంలో లేస్తుంటే ఏదో ప్రోగ్రామ్ టైము ప్రకారం వచ్చి తట్టిపోతోందని అర్థం. ఆర్‌జీబీ లైట్ల సాఫ్ట్‌వేర్, టెంపరేచర్ చూపించే ప్రోగ్రాములు రెండు మూడు ఒకేసారి నడవడం, ఇట్లాంటివి. ఆఫ్టర్‌బర్నర్‌లోనే పవర్ రీడింగ్ ఆన్ చేసి ఉంటే కొన్ని ఎన్‌విడియా కార్డుల్లో జెర్కులొస్తాయి, ఆ టిక్ తీసెయ్యి. గీత చదునుగానే ఉండి కంటికి మాత్రం జెర్కు కనబడితే మానిటర్ సెట్టింగ్ చూడు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 హెర్ట్జ్ ఎంచుకున్నావా, జీ-సింక్ (మానిటర్‌ను కార్డు వేగానికి జతచేసే సెట్టింగ్) ఆన్‌లో ఉందా? ఫ్రేములను 144కు కాస్త కింద, 141 దగ్గర కట్టేస్తే సరిపోతుంది.

నీ పీసీలో నా మొదటి అనుమానం పాత కంప్యూటర్లోంచి తీసి బిగించుకున్న ఆ 1 టీబీ హార్డ్‌డిస్కు మీద. గేమ్ ఎస్‌ఎస్‌డీలోనే ఉంది కదా మామా అంటావు. విండోస్ బ్యాలెన్స్‌డ్ పవర్ ప్లాన్‌లో, వాడకుండా ఉన్న హార్డ్‌డిస్కును 20 నిమిషాలకు నిద్రపుచ్చుతుంది. ఆ తర్వాత ఏ ప్రోగ్రామైనా ఆ డ్రైవ్ వైపు ఒక్కసారి తొంగిచూస్తే చాలు, లోపలి పళ్లెం మళ్లీ తిరిగి వేగం అందుకునేదాకా అడిగినవాళ్లు కొన్ని సెకన్లు కాచుకోవాల్సిందే. ఫ్రీజ్ అయినప్పుడు కేసు దగ్గర చెవి పెట్టి విను. సన్నగా మోటారు లేచే చప్పుడు, తర్వాత టక్‌మని ఒక శబ్దం వస్తే దొంగ దొరికినట్టే. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు పోయి, 'టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్' దగ్గర 0 పెడితే అది నిద్రపోదు.

అది పెట్టినా ఆగుతుంటే డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి 05, సీ5 వరుసలు చూడు. ముడి విలువ సున్నా కాకపోతే సెక్టార్లు (డేటా దాచే గళ్లు) చెడుతున్నట్టు. చెడిన సెక్టార్‌ను డిస్కు మళ్లీ మళ్లీ చదవబోతుంది, ఆ తంటా అంతా నీకు ఫ్రీజ్‌గా కనబడుతుంది. అందులో అక్క దాచిన పెళ్లి ఫొటోలు ఉన్నాయంటివి, వాటిని ముందు వేరేచోటికి కాపీ చెయ్యి, పరీక్షలు తర్వాత. సీ7 అంకె రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం డిస్కు తప్పు కాదు, సాటా కేబుల్ వదులైందో పాడైందో. ఏదీ తేలకపోతే పీసీ ఆపి, స్విచ్ తీసి, ఆ డిస్కు రెండు కేబుళ్లూ పీకి ఒక సాయంత్రం ఆడి చూడు. పైసా ఖర్చులేని పరీక్ష ఇది.

ఎస్‌ఎస్‌డీ సంగతి. 500 జీబీలో 20 జీబీ మాత్రమే ఖాళీ అన్నావు, అది చాలదు. చవక ఎస్‌ఎస్‌డీలు ఖాళీ జాగానే వేగంగా రాసుకోవడానికి వాడుకుంటాయి. నిండేకొద్దీ ఆ జాగా కుంచించుకుపోతుంది, వెనకాల గేమ్ అప్‌డేటో రికార్డింగో రాస్తుంటే చదివే పని కూడా ఆగుతుంది. 15 నుంచి 20 శాతం, అంటే నీకు 75 నుంచి 100 జీబీ ఖాళీ పెట్టు.

ఇప్పుడు రాసిపెట్టుకున్న టైములు తియ్యి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరువు. ఫ్రీజ్ అయిన నిమిషంలో ఏం పడిందో చూడు. 129, 153 నంబర్లు పడితే డిస్కు జవాబు ఇవ్వలేదని. డిస్‌ప్లే 4101 పడితే గ్రాఫిక్స్ డ్రైవర్ జవాబు ఇవ్వక విండోస్ దాన్ని మళ్లీ లేపిందని. దానికి విండోస్ ఇచ్చే గడువు 2 సెకన్లు. డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో పడితే హార్డ్‌వేర్ తప్పిదం. అలాంటప్పుడు ఓవర్‌క్లాక్ (వేగం పెంచడం), అండర్‌వోల్ట్ (వోల్టేజీ తగ్గించడం) ఏమైనా పెట్టుకుని ఉంటే అన్నీ తీసేసి చూడాలి. ఆ నిమిషంలో లేని పసుపు, ఎర్ర గుర్తులను పట్టించుకోవద్దు. ఏ జబ్బూ లేని పీసీలో కూడా అవి బోలెడు ఉంటాయి.

ఏ గుర్తూ పడకుండా, ఏ లెక్కా లేకుండా, సౌండ్‌తో సహా ఒకటి రెండు సెకన్లు ఆగుతుంటే నీ బీ450 బోర్డు బయాస్ తేదీ చూడు. రైజెన్ ప్రాసెసర్లలోని ఎఫ్‌టీపీఎం (భద్రతా తాళాలు దాచే భాగం), బోర్డు మీది బయాస్ చిప్‌తో మాట్లాడేటప్పుడు సిస్టమ్ కాసేపు ఆగుతుందని 2022 మార్చిలో ఏఎండీనే ఒప్పుకుంది. సరిచేసిన బయాస్‌లు ఏజీసా (బయాస్‌లో ఏఎండీ ఇచ్చే కోడ్) 1.2.0.7తో ఆ ఏడాది మే నుంచి వచ్చాయి. నీది అంతకంటే పాతదైతే బోర్డు కంపెనీ సైట్ నుంచి నీ మోడల్‌కే, అదే రివిజన్‌కే ఉన్న ఫైలు దించుకో. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకుని దాన్ని సస్పెండ్ చెయ్యి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు, కాబట్టి గాలీవానా ఉన్న సాయంత్రం ఈ పని పెట్టుకోవద్దు, యూపీఎస్ మీదే చెయ్యి. అప్‌డేట్ తర్వాత బయాస్ సెట్టింగ్‌లన్నీ మొదటికి వస్తాయి, ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగ్) మళ్లీ ఆన్ చేసుకోవాలి. ఎఫ్‌టీపీఎం తీసేస్తే పోలా అని కొందరు చెప్తారు. తీసేస్తే విండోస్ 11లో వాలరెంట్ గేమ్ తెరుచుకోదు.

ర్యామ్‌లో రెండు చూడు. రెండు 8 జీబీ స్టిక్కులను పక్కపక్క స్లాట్లలో గుచ్చితే మామూలు నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఒకే చానల్ మీద నడుస్తాయి. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టాలి, బోర్డు మీద ఏ2, బీ2 అని రాసుంటుంది. రెండోది, ఎక్స్ఎంపీ ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ 2133లోనో 2400లోనో నడుస్తుంది. ర్యామ్ వేగం చూపించే సీపీయూ-జెడ్‌లో 1600 అని కనబడితే కంగారుపడొద్దు, డీడీఆర్ కాబట్టి దానికి రెట్టింపు లెక్క. ఎక్స్ఎంపీ ఆన్ చేశాకే ఫ్రీజులు మొదలైతే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి రాత్రంతా నాలుగు పాసులూ నడపనీ. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ వేగంలో ఆ ర్యామ్ నమ్మదగింది కాదు. 3000కు దించి మళ్లీ చూడు.

వేడి గురించి మీ చిత్తూరు వాళ్లకు చెప్పాలా? నీ గది మిద్దె మీదిది. మే నెల మధ్యాహ్నం గది 38 డిగ్రీలుంటే, 26 డిగ్రీల ఏసీ గదితో పోలిస్తే లోపలి భాగాలకు ఆ 12 డిగ్రీలూ దాదాపు అట్లాగే ఎక్కుతాయి. వేడి జబ్బుకు ఒక గుర్తుంది. మొదటి పావుగంట ఏమీ ఉండదు, తర్వాత క్లాక్ వేగం మెట్లు మెట్లుగా దిగుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో వేడి, వేగం చూపే సెన్సర్లను సీఎస్‌వీ (అంకెల పట్టిక) ఫైలుగా రికార్డ్ పెట్టి అరగంట ఆడు. రైజెన్ 5 5600కు హద్దు 90 డిగ్రీలు. కార్డు 83 చుట్టుపక్కలకు చేరితే క్లాక్ తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. కేసు పక్క రేకు తీసి ఆడితే 8, 10 డిగ్రీలు తగ్గిందంటే గాలి ఆడటం లేదని అర్థం.

కూలర్ ఫ్యాన్ తీసి చూస్తే, ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య దుమ్ము కంబళి ముక్కలా అంటుకుని ఉంటుంది. పైనుంచి బ్లోయర్ కొడితే అది కదలదు, ఇంకా లోపలికి పోతుంది. అంగుళం పెయింట్ బ్రష్‌తో పైకి లేపి, తర్వాత గాలి కొట్టు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకో. కూలర్ మొత్తం ఊడదీసే పనైతే ముందు పది నిమిషాలు గేమ్ నడిపి పేస్ట్ వేడెక్కనీ. తర్వాత పీసీ ఆపి, ప్లగ్ తీసి, స్క్రూలు ఎదురెదురు మూలలవి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెం వదులు చేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు ఎత్తు. గట్టిపడిన పేస్ట్‌తో చల్లగా ఉన్నప్పుడు నిలువుగా లాగితే ఏఎం4 ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగితే ఇక ఆ బాధ వేరు. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నడిమధ్య బఠాణీ గింజంత కొత్తది పెడితే చాలు.

సౌండ్ ఆగకుండా బొమ్మ మాత్రమే ఆగే రకానికి వస్తాను. కొత్త గేమ్‌లో మొదటిసారి ఒక పేలుడో, కొత్త శత్రువో కనబడగానే ఒక జెర్కు, రెండోసారి అదే చోట ఏమీ లేదంటే అది షేడర్ కంపైల్ అవుతున్న జెర్కు. అన్‌రియల్ ఇంజిన్ ఆటల్లో ఇది బాగా ఎక్కువ. మొదట్లో గేమ్ షేడర్లు తయారుచేసుకుంటానంటే ఓపిగ్గా చేసుకోనీ, స్కిప్ కొట్టొద్దు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ సైజు 10 జీబీ పెట్టు. క్లీనర్ సాఫ్ట్‌వేర్లతో ఆ క్యాష్ తుడిచావా, జెర్కులన్నీ మళ్లీ మొదటి నుంచి. డ్రైవర్ మార్చినా అంతే. కొన్ని గేమ్‌లు కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ ఆగుతాయి. అది గేమ్ చేసినవాళ్లు దిద్దాల్సింది, నువ్వు ఎంత పెట్టి ఏం కొన్నా పూర్తిగా పోదు.

నీ కార్డు మెమరీ 8 జీబీ. అల్ట్రా టెక్స్చర్లతో (గోడలు, మనుషుల మీద అతికించే బొమ్మలు) అది నిండితే మిగిలింది మామూలు ర్యామ్‌లోకి పొర్లుతుంది. కార్డు సొంత మెమరీ సెకనుకు 448 జీబీ వేగం, కార్డును నీ బోర్డుకు కలిపే పీసీఐఈ 3 దారి 16 జీబీ. ఆ తేడానే జెర్కు. టెక్స్చర్లు ఒక మెట్టు దించు, మిగతా సెట్టింగ్‌లు అట్లాగే ఉండనీ. కంటికి పెద్దగా తేడా తెలియదు.

డ్రైవర్ల మీద అనుమానం ఉంటే డ్రైవర్ల ఆలస్యం కొలిచే లేటెన్సీమాన్ పది నిమిషాలు నడిపి, డ్రైవర్స్ పేజీలో ఎక్కువ టైము తిన్నది ఎవరో చూడు. నెట్‌వర్క్ డ్రైవర్ పైన ఉంటే డివైస్ మేనేజర్‌లో వైఫై డిజేబుల్ చేసి ఆడి చూడు. గ్రాఫిక్స్ డ్రైవర్ అయితే నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాతది తుడిచి కొత్తగా వెయ్యి.

బోరు మోటారు వేయగానే ట్యూబ్‌లైట్ మినుక్కుమంటోంది, వోల్టేజీ వల్లేనేమో అన్నావు. వోల్టేజీ పడితే పీసీ ఆరిపోతుంది లేదా రీస్టార్ట్ అవుతుంది, ఒక సెకను ఆగి మళ్లీ అక్కడి నుంచే నడవదు. దాన్ని ఈ లెక్కలో కలపొద్దు. అయితే 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లే ఇస్తుంది. ఆట మధ్యలో కరెంటు పోతే అది నీ పీసీని మోయలేకపోవచ్చు. బయాస్ పనికి మాత్రం చాలు, అప్పుడు కార్డుకు లోడ్ ఉండదు.

పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడుకునే జాగా) తీసెయ్యమని, సర్వీసులు ఆపెయ్యమని, రిజిస్ట్రీ ఫైలు డబుల్ క్లిక్ చేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతుందని చెప్పే వీడియోల జోలికి పోవద్దు. పేజ్‌ఫైల్ తీస్తే 16 జీబీ ర్యామ్ మీద కొన్ని గేమ్‌లు చెప్పాపెట్టకుండా మూసుకుపోతాయి. ఒకసారి ఒకటే మార్చు, అదే గేమ్‌లో అదే చోట అరగంట ఆడు, ఫలితం రాసుకుని అప్పుడు రెండోదానికి పో.

ఈ వారం హార్డ్‌డిస్కు కేబుళ్లు పీకిన పరీక్ష, బయాస్ తేదీ, ఎస్‌ఎస్‌డీలో జాగా, ఈ మూడే చెయ్యి. ఆ పరీక్షల్లో ఆడినప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫో రికార్డ్ చేసిన సీఎస్‌వీ ఫైలునూ, నువ్వు రాసిన టైములనూ నాకు వాట్సాప్‌లో పంపు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో స్క్రీన్‌షాట్‌లో 05, సీ5, సీ7 వరుసలు కనబడేటట్టు తియ్యి, పోయినసారి పంపినదాంట్లో కింది సగం లేదు.

నీ మామ