టోపోషీట్‌లో కాంటూర్లు చదవడం ఎలా? ప్రొఫైల్ గీస్తే గుట్ట సూదిలా ఎందుకొస్తోంది?

ప్రశ్న: జియాలజీ డిగ్రీ చదువుతున్నాను. టోపోషీట్ (నేల ఎత్తుపల్లాలను చూపే మ్యాపు) చూస్తే ఏది గుట్టో ఏది లోయో తేల్చుకోలేకపోతున్నా. ప్రొఫైల్ (నేలను నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీస్తే గుట్ట సూదిలా వస్తోంది. పాయింట్లిచ్చి కాంటూర్లు గీయమంటే లైన్లు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. బావుల నీటిమట్టం మ్యాపు కూడా గీయాలి. పద్ధతి చెప్పగలరా?

జవాబు:

మీ ఇబ్బందుల్లో సగానికి కారణం ఒకటే. మీరు గోధుమరంగు గీతల దగ్గర, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూర్ల దగ్గర మొదలుపెడుతున్నారు. నీళ్ల దగ్గర మొదలుపెట్టండి. వాగు ఎటు పారుతోందో తెలిస్తే కాంటూర్లు వాటంతటవే అర్థమవుతాయి. అది తెలియకుండా ఎంతసేపు గీతలు లెక్కపెట్టినా గుట్ట గుంటలాగా, గుంట గుట్టలాగా కనిపిస్తూనే ఉంటాయి.

ముందు మీ చేతిలో ఉన్న కాగితం సంగతి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్ అంటే మ్యాపు మీద 2 సెం.మీ.కి నేల మీద 1 కి.మీ. కాంటూర్ ఇంటర్వెల్, అంటే పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా, సాధారణంగా 20 మీటర్లు, బాగా చదునైన చోట 10. ఇది ఊహించకండి, షీట్ అడుగున రాసి ఉంటుంది, చదవండి. పాత అంగుళం-మైలు షీట్లలో ఎత్తులు అడుగుల్లో ఉంటాయి, ఇంటర్వెల్ 50 అడుగులు. రెండు రకాల షీట్లు పక్కపక్కన పెట్టుకుని 1,800 అడుగుల గీతను 1,800 మీటర్లుగా రికార్డులో రాసినవాళ్లు తక్కువేం కాదు.

ఇంకోటి, జిరాక్స్ లేదా పీడీఎఫ్ ప్రింటు మీద స్కేలును నమ్మకండి. హైదరాబాద్ తూర్పు భాగం ఉండే 56 కె/11 షీట్‌నే తీసుకోండి. అది 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం ఉన్న షీట్. అసలు సైజులో మ్యాపు చట్రం నిలువు సుమారు 55 సెం.మీ., అడ్డం సుమారు 53 సెం.మీ. రావాలి. మీ దగ్గర ముక్క మాత్రమే ఉంటే 5 నిమిషాల అక్షాంశం కొలవండి, దాదాపు 18.4 సెం.మీ. ఉండాలి. 17 వచ్చిందంటే ప్రింటర్ కుదించేసింది. అప్పుడు 1:50,000 అన్న అంకె పక్కనపెట్టి, మ్యాపుతో పాటే కుదించుకుపోయిన గీత స్కేలును వాడండి.

ఇక నీళ్లు. మన ప్రాంతపు షీట్లలో చిన్న వాగులు చాలావరకు నీలం రంగులో ఉండవు, నల్లగీతలే. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉంటాయి కాబట్టి అలా వేస్తారు. వాటిని బాటలనుకుని వదిలేస్తే ఆధారం మొత్తం పోయినట్టే. బండిబాటలు ఎర్రగా ఉంటాయి. ఒక నీలం పెన్సిల్ తీసుకుని, కాంటూర్లను పట్టించుకోకుండా, వాగులన్నిటినీ పాయల కొసల దాకా దిద్దండి. రెండు పాయలు కలిసేచోట ఏర్పడే కోణం మొన సాధారణంగా దిగువను చూపిస్తుంది.

ఎటు దిగువో ఇంకా అనుమానంగా ఉంటే చెరువును చూడండి. తెలంగాణలో, రాయలసీమలో ఇంతకంటే మంచి గుర్తు దొరకదు. చెరువుకి ఒక అంచు తిన్నగానో, కొద్దిగా వంపుగానో గీసినట్టు ఉంటుంది, అది కట్ట. ఎదురు అంచు చేతివేళ్లలా చీలి వాగుల్లోకి పాకుతుంది. వేళ్లున్న వైపు ఎగువ, కట్ట వైపు దిగువ. ఒక్క కాంటూరు కూడా చదవకుండానే వాలు తెలిసిపోయింది. పైగా చెరువు నిండినప్పటి నీటి అంచు, అంటే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) గీత, తనే ఒక కాంటూరు. కాబట్టి మీరు గీసే ఏ కాంటూరూ చెరువు నీటిని అడ్డంగా కోసుకుంటూ పోకూడదు. కట్ట పక్కన '4ఆర్' లాంటి అంకె కనిపిస్తే అది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు, పక్క నేల కంటే కట్ట ఎంత ఎత్తుందో చెప్పే అంకె.

ఇప్పుడు గోధుమరంగు గీతలకి రండి. కాంటూరు వాగును దాటేచోట ఇంగ్లీషు 'వి' ఆకారంలో వంగుతుంది, ఆ మొన ఎగువకి తిరిగి ఉంటుంది. 56 కె/11లో మూసీ పడమటి నుంచి తూర్పుకి పోతుంది, కాబట్టి మూసీని దాటే కాంటూర్ల మొనలు పడమర వైపు తిరగాలి. గుట్ట ముక్కు మీద, అంటే గుట్ట నుంచి పొడుచుకొచ్చిన గట్టు మీద, దీనికి సరిగ్గా వ్యతిరేకం, మొన దిగువకి ఉంటుంది. ఈ రెండింటి మధ్యే అందరూ తడబడేది. నీలం పెన్సిల్ గీత మొన గుండా పోతే లోయ, రెండు నీలం గీతల మధ్య మొన ఉంటే గట్టు. అంతే తేడా.

ప్రతి అయిదో కాంటూరు లావుగా ఉంటుంది. 20 మీటర్ల ఇంటర్వెల్‌లో అవి 500, 600 లాంటి వందలు. అంకె కోసం సన్నగీతల్లో వెతకొద్దు, దగ్గరి లావుగీత నుంచి లెక్కపెట్టండి. గుట్టమీద చివరి మూసిన గీత 580 అయి, లోపల చుక్కతో ఎత్తు రాసి లేకపోతే, శిఖరం 580కి పైన, 600కి లోపల ఉందని మాత్రమే చెప్పగలం. ఇంటర్వెల్ కంటే పొట్టివి అసలు కనిపించకపోవచ్చు కూడా. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ బండల గుట్ట 15 మీటర్లే ఉంటే రెండు కాంటూర్ల మధ్య దాక్కుని, కాంటూర్లలో ఆనవాలే లేకుండా పోగలదు. మ్యాపులో గీత లేదు కాబట్టి నేల చదును అని రాయకండి.

సూదిలాంటి గుట్ట సంగతి. మీరు నిలువు స్కేలు 1 సెం.మీ.కి 20 మీటర్లు తీసుకున్నారని నా అంచనా, ఇంటర్వెల్ 20 కదా అని చాలామంది అదే చేస్తారు. అడ్డం స్కేలు 1 సెం.మీ.కి 500 మీటర్లు. 500ని 20తో భాగిస్తే 25. అంటే ఎత్తును 25 రెట్లు సాగదీశారు. మ్యాపు మీద రెండు కాంటూర్ల మధ్య దూరం 2 మి.మీ. ఉందనుకోండి. నేల మీద 100 మీటర్ల దూరానికి 20 మీటర్ల ఎక్కుడు, అంటే 5కి 1 వాలు, కోణం సుమారు 11 డిగ్రీలు. నడిచి ఎక్కేయొచ్చు. 25 రెట్లు సాగదీస్తే అదే వాలు కాగితం మీద 79 డిగ్రీల గోడ అవుతుంది. నిలువు స్కేలు 1 సెం.మీ.కి 100 మీటర్లు తీసుకుంటే సాగదీత 5 రెట్లు, అదే వాలు 45 డిగ్రీలుగా కనిపిస్తుంది. అలాగని అసలు సాగదీయకపోతే 100 మీటర్ల గుట్ట 2 మి.మీ. గడ్డలా మిగులుతుంది. మన దక్కను నేలకి 5 సరిపోతుంది, తూర్పు కనుమల లాంటి ఎత్తయిన చోట అంతకంటే తగ్గించండి. ఎంత సాగదీశారో బొమ్మ కింద తప్పకుండా రాయండి. ప్రొఫైల్ మీద కోణమానిని పెట్టి వాలు కొలిచి రాస్తే మార్కులు పోతాయి, పోవాలి కూడా.

గీసే తీరు ఇది. ఎ, బి బిందువుల మధ్య గీత మీద తెల్ల కాగితపు పట్టీ అంచు ఆనించండి. గీతను తాకిన ప్రతి కాంటూరు దగ్గర చిన్న గాటు పెట్టి, పట్టీ మీదే అంకె వేయండి. వాగు దాటినచోట బాణం గుర్తు, గట్టు దాటినచోట ఇంకో గుర్తు. ఈ గుర్తులే మీ బొమ్మను కాపాడేవి. పట్టీని గ్రాఫ్ కాగితం అడ్డగీతకి ఆనించి చుక్కలు పైకెత్తండి. స్కేలుతో కాదు, చేత్తో నున్నగా కలపండి. పక్కపక్క గాట్లు రెండూ 540, మధ్యలో వాగు గుర్తు ఉంటే గీత 540కి కిందకి దిగి లేవాలి. గట్టు గుర్తయితే పైకి లేచి దిగాలి. రెంటినీ చదునుగా కలిపేస్తే గుట్టలన్నీ బల్లల్లా వస్తాయి. సూది తర్వాత నాకు ఎక్కువగా కనిపించే తప్పు అదే.

పాయింట్ల నుంచి కాంటూర్లు గీసేటప్పుడు ఇంటర్పొలేషన్ (తెలిసిన రెండు ఎత్తుల మధ్య గీత ఎక్కడ పడుతుందో దామాషాలో తేల్చడం) లెక్క తేలికే. 347, 372 పాయింట్ల మధ్య మ్యాపు దూరం 50 మి.మీ. అయితే 25 మీటర్లకి 50 మి.మీ., మీటరుకి 2 మి.మీ. కాబట్టి 350 గీత 347 నుంచి 6 మి.మీ. దగ్గర, 360 గీత 26 దగ్గర, 370 గీత 46 దగ్గర పడుతుంది. లెక్కలో ఎవరూ తప్పరు. ఏ రెండు పాయింట్ల మధ్య లెక్క వేయొచ్చన్న దగ్గరే తప్పుతారు. వాగుకి ఒక ఒడ్డున 356, అవతల ఒడ్డున 358 ఉన్నాయి. నేరుగా లెక్కేస్తే మధ్యలో ఏ కాంటూరూ లేదు. కానీ వాగు అడుగు 344 అయితే 350 గీత ఇవతల ఒకసారి, అవతల ఒకసారి పడాలి. అందుకే వాగును, గట్టు రేఖను దాటుకుని ఎప్పుడూ ఇంటర్పొలేట్ చేయకూడదు. ముందు వాటి వెంబడే లెక్కేసి, తర్వాత పక్క వాలుల మీదికి రండి.

లైన్లు కోసుకోకుండా ఉండాలంటే ఒక్కో గీతను చివరిదాకా పూర్తి చేసి రెండోదానికి వెళ్లకండి. లావుగా రావాల్సిన గీతలను ముందు లేతగా వేసుకుని, వాటి మధ్య మిగతావి నింపండి. తర్వాత ప్రతి గీత వెంబడి వేలితో నడవండి. మొదట్లో కుడిపక్క ఎత్తుంటే కొసదాకా కుడిపక్కే ఎత్తుండాలి. ఎక్కడైనా 350 గీతకి ఎత్తువైపున 346 పాయింటు చిక్కుకుందంటే గీత అక్కడ దారితప్పింది.

బావుల మ్యాపుకీ ఇదే పద్ధతి, కానీ ఒక ఉచ్చు ఉంది. లోతును కాంటూరు చేయొద్దు, నీటిమట్టం ఎత్తును చేయండి. ఒక బావి దగ్గర నేల 542 మీటర్లు, నీరు 9 మీటర్ల లోతులో. ఇంకో బావి దగ్గర నేల 530, నీరు 4 మీటర్ల లోతులో. లోతులు మాత్రమే చూస్తే నీరు పైపైన ఉన్న రెండో బావి నుంచి మొదటిదానికి పారుతుందనిపిస్తుంది. నేల ఎత్తులోంచి లోతు తీసేస్తే 533, 526. ప్రవాహం మొదటి బావి వైపు నుంచి రెండోదాని వైపే. అది కాంటూర్లకి లంబంగా, ఎత్తు నుంచి పల్లానికి సాగుతుంది. లోతును ఒర అంచు నుంచి కొలిచి ఉంటే ఒర ఎత్తు ముందే తీసేయాలి, బోరుకైతే కేసింగ్ నేల పైకి ఉన్నంత మేర. మోటారు నడుస్తున్న బోరు అంకె వాడకండి. మే కొలతలు, నవంబరు కొలతలు ఒకే మ్యాపులో కలపకండి, వానల ముందు నీటికీ తర్వాతి నీటికీ మీటర్ల తేడా ఉంటుంది.

అదే బావి కొలతలతో నెలవారీ గ్రాఫ్ కూడా గీయమంటే లోతు అక్షాన్ని తలకిందులు చేయండి, సున్నా పైన, లోతు కిందకి. అలా అయితేనే నీరు పెరిగితే గీత పైకి లేస్తుంది. వాన కూడా చూపిస్తే, ఆ అంకె నెలంతా కురిసిన వాన మొత్తం కాబట్టి దాన్ని కడ్డీలుగా వేయాలి, గీతగా కలపకూడదు. కొలత లేని నెలను ఖాళీగా వదలండి.