మట్టి ఒకటే, పొటాష్ అంకెలు రెండు: ల్యాబు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మేం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంటాం. షాద్‌నగర్ దగ్గర మూడెకరాల్లో టమాటా వేస్తాం, అదే మా బతుకుదెరువు. ఓ ప్రైవేటు ల్యాబు మట్టి పరీక్ష చేసి పొటాష్ 90, ‘తక్కువ’ అని రిపోర్టిచ్చింది. నమ్మి ఆరు బస్తాల ఎంవోపీ (పొటాష్ ఎరువు) వేశాం. దాచిన మట్టినే ఇంకో ల్యాబుకిస్తే 240, ‘మధ్యస్థం’ అంది. అంతా మిషన్ చేసే పరీక్షే కదా, ఇది మోసం కాదా?

జవాబు: నోటీసు ఇచ్చేముందు అంకె పక్కనున్న చిన్న అక్షరాలు చదవండి. మొదటిదాంట్లో పీపీఎం (పది లక్షల భాగాల మట్టిలో ఎన్ని భాగాల పొటాషియం) అనీ, రెండోదాంట్లో హెక్టారుకు కిలోల కే2ఓ (పొటాషియంను ఆక్సైడ్ రూపంలో చెప్పే లెక్క) అనీ ఉంటే, 90ని హెక్టారుకు కిలోల్లోకి మార్చడానికి 2.24తో, వచ్చినదాన్ని కే2ఓలోకి మార్చడానికి 1.2తో గుణించండి. దాదాపు 242 వస్తుంది. అంటే రెండు మిషన్లూ చెప్పింది ఒకటే!

మరి ‘తక్కువ’ అని ఎవరు రాశారు? మామూలుగా వాడే పట్టికలో హెక్టారుకు 108 కిలోల పొటాషియం లోపుంటే తక్కువ, 280 దాకా మధ్యస్థం. మీ 90 పీపీఎం అంటే సుమారు 202 కిలోలు. పీపీఎం అంకెను కిలోల పట్టికలో పెట్టి చూసింది ల్యాబే అయితే అది సేవాలోపం. మీ కేసు బలమంతా అక్కడే. ఆ మాట ఎరువుల షాపతనిదైతే ల్యాబు మీద కేసు నిలవదు.

యూనిట్లు రెండింట్లో ఒకటే ఉంటే కొలతనే అనుమానించాలి. ఆటోమేటిక్ మిషన్లో సన్నటి గొట్టం ట్రేలోని ట్యూబుల్లో వరసగా మునుగుతూ పోతుంది. ఒక్క ట్యూబు స్థానం మారినా మీ అంకె పక్క రైతు రిపోర్టులోకి పోతుంది. అందుకే ఆ రోజు మిషన్ తీసిన అసలు రీడింగులు, క్యాలిబ్రేషన్ (తెలిసిన ద్రావణాలతో మిషన్‌ను సరిచూసిన) రికార్డు, ఎన్ని రెట్లు పలచన చేశారో ఆ లెక్క, మీ శాంపిల్ కోడు ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో అడగండి.

ఫీజు కట్టారు, జీవనోపాధికి సాగు చేస్తున్నారు కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు వినియోగదారులే. విత్తనాలు కొన్న రైతులు వినియోగదారులేనని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి కమిషన్ ఫీజు లేదు. ఎంవోపీ బిల్లు దొరికితే ఆ ఖర్చు అడగడం తేలిక. దిగుబడి తగ్గిందంటే మాత్రం దానికి వేరే రుజువు చూపాలి.

దాచిన మట్టి ఇంకా ఉంటే ఆరబెట్టి, సీలు వేసి పెట్టండి. పొలంలో కొత్తగా తీసిన మట్టి సాక్ష్యానికి పనికిరాదు, దాంట్లో ఇప్పటికే మీ ఎంవోపీ కలిసిపోయింది.