ఊరు మాట్లాడేది జీపు వెళ్లిపోయాకే

ప్రశ్న: కర్బన ఉద్గారాలు తగ్గిస్తూ దేశాన్ని అభివృద్ధి చేస్తామని ప్రభుత్వాలు ప్రణాళికలు వేసి, వాటి మీద పల్లెల్లో, ఆదివాసీ గూడేల్లో అభిప్రాయాలు అడుగుతాయి కదా. దానివల్ల ఉపయోగం ఉంటుందా? ఎవరైనా దగ్గరుండి చూశారా?

చూశాను. అయితే ఇక్కడ కాదు, గయానాలో. ముందే చెప్తున్నాను, ఘనా కాదు, గినియా అసలే కాదు. అక్కడ మెడిసిన్ చదివి వచ్చి ఇన్నాళ్లయినా మా పెద్దమ్మ ఇప్పటికీ పేరంటాల్లో "మా పిల్ల ఆఫ్రికాలో డాక్టరీ చదివింది" అనే చెప్తుంది. గయానా ఉన్నది దక్షిణ అమెరికాలో, వెనెజులా పక్కన. రాజధాని జార్జ్‌టౌన్‌లో మన తెలుగు పిల్లలు చాలామందే కనిపిస్తారు, అందరం మెడిసిన్ సీటు కోసం పోయినవాళ్లమే. నన్ను పంపిన ఏజెంటు "అచ్చం కోనసీమలా ఉంటుందమ్మా" అన్నాడు. ఫీజుల గురించి ఆయన చెప్పినవన్నీ అబద్ధాలే గానీ ఆ ఒక్క మాటా నిజం. కొబ్బరి చెట్లు, వరి, కాలవలు. పోటు మీదున్నప్పుడు ఊరికంటే సముద్రమే ఎత్తులో ఉంటుంది, మధ్యలో ఒక గోడ.

ఆ తీరప్రాంతం దాటితే ఇక అడవే. దేశంలో దాదాపు 85 శాతం అడవి. 2009 జూన్‌లో అప్పటి అధ్యక్షుడు భరత్ జగ్‌దేవ్ ఓ ప్రణాళిక ప్రకటించాడు. అడవిని నరక్కుండా నిలబెడతాం, దానివల్ల లోకానికి జరిగే మేలుకి డబ్బు కట్టండి, ఆ డబ్బుతో దేశాన్ని బాగుచేసుకుంటాం అన్నది దాని సారం. ఆ నవంబరులోనే నార్వే 2015 దాకా 25 కోట్ల డాలర్ల వరకు ఇస్తానని ఒప్పుకుంది. 2021 అక్టోబరులో దాన్నే 2030 దాకా సాగదీసి కొత్త ముసాయిదా తెచ్చారు. దాని మీద ఊరూరా సమావేశాలు పెట్టారు. అలాంటి ఒకదాన్ని నేను 2022 మొదట్లో చూశాను.

నేను పోయింది ఆ పని మీద కాదు. మా బ్యాచ్‌లో ఆరుగురిని మెడికల్ క్యాంపుకి రూపునునికి పంపారు. బ్రెజిల్ సరిహద్దులో, గడ్డి మైదానాల ప్రాంతం. జార్జ్‌టౌన్ నుంచి సాయంత్రం మినీబస్సు ఎక్కితే అప్పట్లో లిండెన్ దాకానే తారు రోడ్డు, అక్కణ్నుంచి ఎర్రమట్టి. కురుపుకారి దగ్గర ఎసెక్విబో నది దాటడానికి పంటు తెల్లారితే గానీ కదిలేది కాదు, అందాకా బస్సులోనే కూలబడ్డాం. లెథెమ్ చేరేసరికి మేమంతా ఇటుక రంగులోకి మారిపోయాం. మళ్లీ అక్కణ్నుంచి జీపులో దక్షిణాదిగా నాలుగు గంటలు. వాపిషానా అనే ఆదివాసీల ఊరు. పేరు రాయను, చిన్న ఊరు, ఎవరి సంగతో ఇట్టే తెలిసిపోతుంది.

మేం వెళ్లిన రెండో రోజే రాజధాని నుంచి ఈ ప్రణాళిక తాలూకు బృందం దిగింది. నలుగురు. ఏ ఆఫీసు, ఎవరు పంపారు అన్నవి ఇక్కడ అనవసరం. మనుషులు మంచివాళ్లే, అది కూడా చెప్పాలి. వాళ్లలో ఓ కుర్రాడు పాపం మాలాగే మట్టికొట్టుకుపోయి, మొహం కడుక్కునే టైము కూడా లేకుండా ప్రొజెక్టర్ బిగించడంలో పడ్డాడు. బెనాబ్ అంటారు, తాటాకు లాంటి ఆకు కప్పిన పెద్ద పందిరి, మన రచ్చబండ లెక్క. చుట్టూ గోడలుండవు. పట్టపగలు గోడల్లేని పందిట్లో ప్రొజెక్టర్! తెర మీద ఏముందో ముందు వరుసకే కనపడలేదు. టోషావ్, అంటే ఊరు ఎన్నుకున్న పెద్ద, లేచి స్వాగతం చెప్పాడు. ప్రార్థన అయింది. మాస్కులు పంచారు. అప్పటికే పదకొండు.

ఊరి టీచరమ్మ వాపిషానాలోకి మార్చి చెప్తోంది. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు, కానీ రెండు నిమిషాలకోసారి "కార్బన్", "క్రెడిట్" అన్న ఇంగ్లీషు మాటలు అలాగే దొర్లుతుంటే ఆవిడ అవస్థ అర్థమైంది. మా ఏడో తరగతి సైన్సు మాస్టారు కార్బన్ డయాక్సైడ్‌ని బొగ్గుపులుసు వాయువు అనేవారు. విన్నప్పుడల్లా చింతపండు పులుసు గుర్తొచ్చి నవ్వేవాళ్లం. కానీ బొగ్గు అనగానే ఏదో కాలుతుందని, పొగొస్తుందని అయినా తెలిసేది. ఇప్పుడు మన పేపర్లలో "కర్బన తటస్థత" అని రాస్తున్నారు. మా నాన్న అది చూడగానే పేజీ తిప్పేస్తాడు. వినేవాడికి అర్థం కావాలని ఎవరికీ ఉండదో, రాసేవాడికే అర్థం కాలేదో.

గంటన్నర చెప్పారు. ప్రశ్నలకి ఇరవై నిమిషాలు మిగిలింది. ఒక ముసలాయన లేచి, మా పొలిమేర ఇంకా తేలలేదు, అడిగి ఏళ్లయింది, ముందు అది తేల్చండి అన్నాడు. అది ఈ సమావేశం పరిధిలోకి రాదన్నారు. ఒకామె బోరు చెడిపోయిందంది. రాసుకున్నారు. ఇంకొకాయన, మా తోటలు ఆపేస్తారా అని అడిగాడు. లేదు లేదు, మీ సంప్రదాయ సాగు జోలికి ఎవరూ రారు, ఏమీ మారదు అన్నారు. చప్పట్లు కొట్టారు. హాజరు కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు, గ్రూప్ ఫోటో దిగారు, మూడు గంటలకల్లా జీపు వెళ్లిపోయింది. చీకటి పడేలోగా ఇంకో ఊరు చేరాలట.

మేం మాత్రం ఇంకా మూడు రోజులున్నాం.

మర్నాడు క్యాంపులో పని తక్కువ. అక్కడి ఆరోగ్య కార్యకర్త, మన ఆశా వర్కర్ లాంటి అమ్మాయి, వాళ్ల అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్లింది. ఊరంతా ఆంటీ అని పిలిచే మనిషి. ఆవిడ కర్రపెండలం తురుముతోంది. మాది పెద్దాపురం, ఇంటి చుట్టూ సగ్గుబియ్యం మిల్లులు, తాతయ్య కూడా కర్రపెండలం వేశాడు. దుంప చూడగానే ప్రాణం లేచొచ్చింది. అయితే వాళ్లది చేదు రకం, పచ్చిగా తింటే ప్రాణానికే ముప్పు. తురిమిన పిండిని మటాపీ అనే పొడుగాటి అల్లిక గొట్టంలో కూరి దూలానికి వేలాడదీస్తారు. అడుగున ఉన్న కన్నంలోంచి ఒక కర్ర దూర్చి దాని మీద కూర్చుంటే గొట్టం సాగి బిగుసుకుని, విషపు రసం కిందున్న గిన్నెలోకి కారుతుంది. ఆ రసాన్నీ పారబొయ్యరు, బాగా కాచి నల్లటి పాకం చేసి కూరల్లో వేస్తారు. పిండిని పెద్ద పెనం మీద వేయిస్తే ఫరీన్. నన్ను ఆ కర్ర మీద కూర్చోమంది. నా బరువు సరిపోలేదని నవ్వి పక్కన తనూ కూర్చుంది.

అలా కర్ర మీద ఊగుతూ, ఇంగ్లీషులోనే, మెల్లగా మొదలుపెట్టింది. మేం ఒకచోట నరికి, కాల్చి, రెండు మూడేళ్లు పండిస్తాం. తర్వాత వదిలేసి ఇంకోచోటికి పోతాం. పాత చోట మళ్లీ అడవి లేస్తుంది, మా అమ్మ తోట ఉన్నచోట ఇప్పుడు నువ్వు దూరలేవు. పైనుంచి ఫోటోలు తీసి లెక్కేస్తామన్నాడు కదా నిన్నటి అబ్బాయి. నరికింది ఆ ఫోటోలో పడుతుంది, మరి లేచింది పడుతుందా?

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ ఆగలేదు. ఏమీ మారదన్నాడు. ఏమీ మారకపోతే అంత డబ్బు మాకెందుకిస్తారు?

"నిన్న అడగలేదేం ఆంటీ?" అన్నాను.

"పిల్లాడు అంత దూరం నుంచి దుమ్ములో పడి వచ్చాడు. అందరి ముందూ ఎలా ఇబ్బంది పెట్టను?"

అదీ సంగతి. ఇంటికొచ్చిన మనిషిని నిలదీయకూడదన్న మర్యాద. మనకి మాత్రం లేదా? పెళ్లిచూపులకొచ్చిన వాళ్లని ఎదురుగా ఏం అడుగుతాం, జీతం సంగతి కూడా మధ్యవర్తి చెవిలో వేస్తాం. ఆ రాత్రి వాళ్ల పెరట్లో పారకారి తాగుతూ, అది కూడా కర్రపెండలంతోనే చేసే పానీయం, పదిహేను మంది చేరి నిన్నటి సమావేశాన్ని ముక్కలు ముక్కలుగా విప్పారు. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, ఒప్పుకున్నాక వద్దనుకుంటే ఎలా, మా పిల్లలు గనుల్లో పనికి పోతున్నారే అదేమవుతుంది. ఆ దేశంలో అడవి పోయేది ఎక్కువగా బంగారు గనులవల్లే మరి. టోషావ్ కూడా అక్కడే ఉన్నాడు, పగలు స్వాగతం తప్ప నోరు మెదపనివాడు రాత్రి గొంతు చించుకున్నాడు. అసలైన సంప్రదింపు ఆ రాత్రి జరిగింది. రాసుకోవడానికి ఎవరూ లేరు, నేను తప్ప. నేనేమో బీపీ మిషను మోసుకొచ్చిన విద్యార్థిని.

డాక్టరుగా నాకిది కొత్తేం కాదు. మొదటి రోజు పేషెంటు నడుము నొప్పి అంటుంది. మూడో రోజు, మందుల చీటీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి, మూణ్నెల్లుగా తెల్లబట్ట అవుతోందమ్మా అని చెప్తుంది. మొదటి రోజుతో లెక్క కట్టి వెళ్లిపోతే ఆ ఊళ్లో అందరికీ నడుము నొప్పే ఉంటుంది. అందుకే నా లెక్క ఒకటే. మూడు రోజులు ఉండాలి, కనీసం ఒక రాత్రి అక్కడ పడుకోవాలి. దీనికి సర్వేలు, రుజువులు నన్నడక్కండి, నా దగ్గర లేవు. అయినా నా అభిప్రాయం మారదు.

తర్వాత ఏమైందో అది కూడా చెప్పాలి, లేకపోతే ఒకవైపే చెప్పినదాన్ని అవుతాను. 2022 జులైలో టోషావ్‌ల జాతీయ సమావేశం ఆ ప్రణాళికకి మద్దతుగా తీర్మానం చేసింది. డిసెంబరులో హెస్ అనే అమెరికా చమురు కంపెనీ 3 కోట్ల 75 లక్షల కార్బన్ క్రెడిట్లు (అడవిని నిలబెట్టి గాలిలోకి పోకుండా ఆపిన కర్బనానికి లెక్కగట్టి ఇచ్చే పత్రాలు) కనీసం 75 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. గయానా సముద్రంలో తోడుతున్న చమురులో అప్పట్లో ఆ కంపెనీకీ వాటా ఉండేది. డబ్బిచ్చిన నార్వేదీ చమురు సొమ్మే. ఇలాంటివి చూసి ఆశ్చర్యపోవడం మానేశాను. వచ్చినదాంట్లో 15 శాతం ఆదివాసీ గ్రామాలకు అన్నారు, 2023లో 242 గ్రామాలకు, వాడలకు పంచారు కూడా. మా ఆరోగ్య కార్యకర్త వాట్సాప్‌లో ట్రాక్టర్ ఫోటో పంపింది, ఊరి కౌన్సిల్ కొన్నదట. మంచిదే, ఆ ఎండలో ట్రాక్టర్ విలువ చూసినవాళ్లకే తెలుస్తుంది.

అయితే 2009లో మాట వేరు. పట్టా ఉన్న ఆదివాసీ గ్రామాలు ఇందులో చేరాలో వద్దో తామే తేల్చుకోవచ్చు, తొందరేం లేదు అన్నారు. 2022కి వచ్చేసరికి దేశం మొత్తాన్ని ఒకే లెక్కలో వేశారు, ఊళ్ల అడవి కూడా అందులోనే. అమెరిండియన్ పీపుల్స్ అసోసియేషన్ అన్న ఆదివాసీ సంఘం, మా సమ్మతి సరిగా తీసుకోలేదని 2023 మార్చిలో క్రెడిట్లు జారీచేసిన సంస్థకి ఫిర్యాదు చేసింది. తీర్మానమూ నిజమే, ఫిర్యాదూ నిజమే. జీపు వెళ్లాక కూడా ఆ ఊళ్లో మూడు రోజులున్నాను కాబట్టి రెండూ ఒకే నోటి నుంచి వచ్చినా నాకు వింతగా ఉండదు.

ఇప్పుడు నేను అల్లూరి జిల్లాలో ఒక పీహెచ్‌సీలో పనిచేస్తున్నాను. (విదేశాల్లో చదివొచ్చిన వాళ్లకి పెట్టే స్క్రీనింగ్ పరీక్ష గురించి ఎవరైనా వేరే ప్రశ్న అడగండి, దాని మీద నాకు చాలా కడుపుమంట ఉంది.) 2070కి నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలే కర్బనమూ తిరిగి పీల్చుకునేదీ సమానం చేస్తామని మన దేశం గ్లాస్గోలో 2021లో మాటిచ్చింది కదా, ఆ మాట మన కొండల మీదికి పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టుల రూపంలో వస్తోంది. సౌర విద్యుత్తు ఎక్కువున్నప్పుడు నీళ్లు పై చెరువుకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. చెడ్డ ఆలోచన అని నేననను. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెప్తోంది. మొన్నామధ్య ఒక ఊళ్లో అలాంటి సభ జరిగితే టీకాలకని వెళ్లి కాసేపు నిలబడ్డాను. బ్యానరుంది, మైకుంది, సమోసాలున్నాయి. పోడు గురించి ఒకాయన అడిగితే ఇప్పుడు ఆ విషయం కాదన్నారు. నాలుగింటికి జీపు స్టార్ట్ చేశారు. నేను ఆ రాత్రి అక్కడ ఉండలేదు, డ్యూటీ ఉంది. ఉంటే ఏం వినేదాన్నో ఊహించగలను గానీ ఊహించి రాయను.

ఆంటీ నాకు వచ్చేటప్పుడు రెండు కిలోల ఫరీన్ కట్టిచ్చింది. ఎయిర్‌పోర్టులో ఆ సంచీ విప్పించి, ఇదేమిటని ముగ్గురు వాసన చూశారు. ఇంటికి తెచ్చాక అమ్మ దాంతో పోపు పెట్టి ఉప్మా చేసింది. నీళ్లు తక్కువయ్యాయేమో, పంటికింద ఇసకలా కరకరమంది. నాన్న మాత్రం రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.