‘ఇన్ ద రెడ్’ అంటే దివాలా కాదు

ఆడిటర్ మెయిల్‌లో ‘ఇన్ ద రెడ్’ అని చూసి మీ షాపు దివాలా తీసిందేమో అని అడిగారు కదా. ‘రెడ్’ అనగానే ప్రమాదం అనుకోవడం వల్లే ఈ కంగారు. మీ పలాస జీడిపప్పు షాపు గురించి ఆడిటర్ ‘అకౌంట్ ఈజ్ ఇన్ ద రెడ్ బై 40,000’ అని రాస్తే దివాలా తీసినట్టు కాదండీ. లెక్కల పుస్తకంలో లోటును ఎర్ర సిరాతో రాసే అలవాటు నుంచి వచ్చిన మాట అది.

1. ముందు కర్త చూడండి. అందరూ వదిలేసేది ఇదే. ‘బిజినెస్’ అని ఉంటే రాబడి కన్నా ఖర్చు ఎక్కువని. మీ మెయిల్‌లో ఉన్నది ‘అకౌంట్’. అంటే బ్యాంకు బ్యాలెన్స్ మైనస్ 40,000. జీడి పిక్కలు కొనే సీజన్లో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఉన్న బ్యాలెన్స్ దాటి కూడా డబ్బు తీసుకోనిచ్చే) ఖాతాకి ఇది మామూలే.

2. ‘ద’ తీసేస్తే ఎర్ర రంగులో అనే అర్థమే మిగులుతుంది.

3. దీనికి వ్యతిరేకం ‘ఇన్ ద బ్లాక్’. మిగులులో ఉందని. మన బ్లాక్ మనీ కాదు, ఆడిటర్ మీద గొడవకి వెళ్లకండి.