మా వాడికి హాస్కెల్ పిచ్చి పట్టింది, మాన్పించాలా?

ప్రశ్న: మాస్టారూ, మాది పలాస. జీడిపిక్కలు కొని, పప్పు తీయించి అమ్ముకునే చిన్న వ్యాపారం. మా అబ్బాయి శ్రీకాకుళం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ మూడో సంవత్సరం. ఏడాదిగా హాస్కెల్ అనే భాష పట్టుకుని కూర్చున్నాడు. జావా క్లాసంటే మొహం చిట్లిస్తాడు. లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఇంకేదో ఎక్కించాడు. ఇప్పుడు అదీ చాలడం లేదట, 16 జీబీ ర్యామ్‌తో కొత్తది కావాలంటున్నాడు. ఆ భాషకి ఉద్యోగాల్లేవని వాడి సీనియర్లే చెబుతున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. మాన్పించాలా?

జవాబు: మాన్పించకండి. లాప్‌టాప్ మాత్రం ఇప్పుడే కొనకండి.

మీరు నంబరిచ్చారు కాబట్టి ఆదివారం మీ వాడితో ముప్పావుగంట మాట్లాడాను. తెలివైన కుర్రాడు. ఒక తప్పు కూడా చేస్తున్నాడు, అది మీరు అనుకుంటున్న తప్పు కాదు. దాని సంగతి చెప్పేముందు ఆ పిచ్చేమిటో మీకు తెలియాలి.

మీ చిట్టా పుస్తకం గుర్తు తెచ్చుకోండి. రాసిన పద్దుని చెరుపుతారా? తప్పు పడితే కింద ఇంకో పద్దు రాసి సరిచేస్తారు. మొదటిది అలాగే ఉంటుంది. హాస్కెల్ పద్ధతి కూడా ఇంచుమించు ఇదే, ఒకసారి పేరు పెట్టిన విలువని మళ్లీ మార్చరు. ఇక మీ షెడ్డు. పిక్క ఉడకబెట్టేవారు ఒకరు, కొట్టేవారు ఒకరు, ఆరబెట్టాక పొట్టు తీసేవారు ఇంకొకరు, చివర గ్రేడు చేసేవారు. కొట్టే ఆవిడకి ఆ బస్తా మందసదా, సోంపేటదా అన్న గొడవ అక్కర్లేదు. ఉడికిన పిక్క ఇస్తే పప్పు ఇస్తుంది. ఇలా ఒకటి తీసుకుని ఒకటి ఇచ్చే చిన్న చిన్న పనుల్ని ఫంక్షన్లంటారు. వాటిని వరసగా తగిలించి ప్రోగ్రాం కట్టడమే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్.

నిన్న మొన్న పుట్టిన సరదా కాదిది. 1930లలో అలోంజో చర్చ్ అనే లెక్కల మేధావి రాసిన లాంబ్డా కాల్క్యులస్ దీనికి మూలం. 1958లో ఈ దారిలో లిస్ప్ అనే భాష మొదలైంది. హాస్కెల్ 1990లో వచ్చింది, హాస్కెల్ కర్రీ అనే తర్కశాస్త్రవేత్త పేరు పెట్టారు.

నేను సలహాలు చెప్పే ఈ పనిలోకి రాకముందు కొన్నేళ్లు విశాఖలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేశాను. ఓసారి జీతాల ప్రోగ్రాంలో కొంతమందికి పీఎఫ్ రెండుసార్లు కోత పడింది. ఒక ఫంక్షన్ అడక్కుండా జాబితాని మార్చేసింది, రెండోది ఆ మారిన జాబితానే మళ్లీ కోసింది. ముగ్గురం రెండు రాత్రులు కూర్చుంటే గానీ దొరకలేదు. ఆ రోజుల్లో నాకు మీ వాడి లాంటి వాడొకడు పక్కన ఉంటే ఇంటికెళ్లి అన్నం తినేవాణ్ని.

ఫోన్లో వాణ్ని ఓ పని అడిగాను. "మీ నాన్నగారి గ్రేడులు రాసి, ఒక్కోదానికి ధర చెప్పే ఫంక్షన్ రాయి" అన్నాను. స్క్రీన్ షేర్ చేసి ఐదు నిమిషాల్లో రాశాడు: 180, 210, 240, 320, బద్ద. (పౌనుకి సుమారు ఎన్ని గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగుతాయో ఆ అంకె, బద్దంటే సగానికి చీలిన పప్పు అని మీకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.) తర్వాత జాబితాలో 450 చేర్చమన్నాను, ధర రాయొద్దన్నాను. రాసిన కోడ్‌ని మిషను భాషలోకి మార్చే కంపైలర్ వెంటనే హెచ్చరిక చూపించింది: 450 వస్తే ఏం చేయాలో ఇక్కడ రాయలేదు అని, పక్కన లైను నంబరుతో సహా. ఆ హెచ్చరికలన్నీ ఆన్ చేసి పెట్టుకున్నాడు, మంచి అలవాటు. "ఇది చూశాక జావాలోకి వెళ్లబుద్ధి కావడం లేదు సార్" అన్నాడు. ఆ మాట నాకు అర్థమైంది. ఇంకోటీ చూపించాడు. హూగుల్ అనే వెతుకులాట సాధనంలో ఫంక్షన్ పేరు తెలియకపోయినా, ఏం ఇస్తే ఏం రావాలో రాస్తే చాలు, ఆ రూపానికి సరిపోయే ఫంక్షన్లు తెచ్చి పెడుతుంది. అది చూపిస్తున్నప్పుడు గొంతులో ఉత్సాహం చూడాలి! మా ఆఫీసుకి రోజూ వచ్చే పిల్లల్లో "ఏది నేర్చుకుంటే ప్యాకేజీ వస్తుంది" అనేవాళ్లే ఎక్కువ. ఇలా మాట్లాడేవాడు ఏడాదికి ఒకరిద్దరు తగులుతారు.

ఇప్పుడు తప్పు. "ఈ ఏడాదిలో పూర్తిచేసి ఎవరి చేతిలోనైనా పెట్టిందేమిటి నాన్నా?" అని అడిగాను. కాసేపు ఫోన్లో ఫ్యాను చప్పుడే వినిపించింది. విండోస్ బదులు వేసుకునే లైనక్స్‌లో చాలా రకాలుంటాయి, ఏడాదిలో వాటిని మూడుసార్లు మార్చాడు. చివరిది నిక్స్ఓఎస్, అదీ మిడ్ పరీక్షలకి వారం ముందు. కోడ్ రాసుకునే ఈమ్యాక్స్ ఎడిటర్ సెట్టింగుల ఫైలు వెయ్యి లైన్లు దాటింది. హాస్కెల్‌లో కొరుకుడు పడదని పేరున్న మోనాడ్ల మీద చదివిన వ్యాసాలకి లెక్కే లేదు. పూర్తయిన ప్రోగ్రాం మాత్రం ఒక్కటీ లేదు. కత్తికి సాన పడుతూనే ఉన్నాడు, కాయ కోయలేదు. భాష మీద ప్రేమలో తప్పు లేదు, పనిముట్ల మీద మోజు దాని చోట్లో కూర్చుంది. బయటినుంచి చూసేవాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఆ వయసులో లోపల ఉన్నవాడికీ తేడా తెలియదు.

లాప్‌టాప్ సంగతి కూడా అందులోదే. మీ వాడు అబద్ధం చెప్పలేదు. ఎడిటర్లో టైప్ చేస్తుండగానే తప్పులు చూపించే లాంగ్వేజ్ సర్వర్ మెమరీ బాగా తింటుంది, 4 జీబీ మిషను నిజంగానే నీరసపడుతుంది. కానీ అది లేకుండా కూడా హాస్కెల్ రాయొచ్చు. మామూలు ఎడిటరు ఒక పక్క, టెర్మినల్లో జీహెచ్‌సీఐ (రాసిన లైను అక్కడికక్కడే నడిపి చూపించే హాస్కెల్ సాధనం) ఇంకో పక్క పెట్టుకుంటే చాలు. లాప్‌టాప్‌లో ఖాళీ స్లాట్ ఉంటే ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించండి. అందులో పాత హార్డ్ డిస్కే ఉంటే ఎస్ఎస్‌డీ కూడా. కొత్తదానికయ్యే ఖర్చులో చిన్న వంతుతో పని జరుగుతుంది.

ఉద్యోగాల విషయంలో మీ వాడి సీనియర్లు చెప్పింది సగం నిజం. మన దేశంలో ఫ్రెషర్‌ని హాస్కెల్ కోసమే తీసుకునే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బెంగళూరు పేమెంట్ల కంపెనీ జస్‌పే హాస్కెల్ వాడుతుంది. అక్కడ ఆటోలు పిలిచే నమ్మ యాత్రి యాప్ వెనక నడిచే కోడ్ కూడా హాస్కెల్‌దే, ఎవరైనా చదువుకునేలా గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే సైటులో పెట్టారు. హాస్కెల్ దాటి చూస్తే దారి ఇంకాస్త వెడల్పు. డేటా ఇంజనీరింగ్‌లో వాడే స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఇదే కోవకి చెందిన స్కాలా భాషలో రాశారు. మీరు పొద్దున్నే పప్పు రేట్లు చూసుకునే వాట్సాప్ సర్వర్లని ఎర్లాంగ్ మీద కట్టారు, అది టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్ కంపెనీలో పుట్టిన భాష. అయితే వీటిలో చాలావరకు అనుభవం అడుగుతారు. కాలేజీ నుంచి నేరుగా దొరికేవి తక్కువ.

అందుకే క్యాంపస్‌ని వదులుకోకూడదు. ఏడో సెమిస్టర్లో వచ్చే పెద్ద కంపెనీల పరీక్షల్లో సి, సి ప్లస్ ప్లస్, జావా, పైథాన్‌లోనే రాయాలి. హాస్కెల్ అంత బాగా వచ్చినవాడికి జావా కష్టమేమీ కాదు, చిన్నచూపు అంతే. 2014లో జావా 8 వచ్చినప్పుడు అందులో లాంబ్డాలు, స్ట్రీములు అనే ఫంక్షనల్ పద్ధతులు చేర్చారు. జాబితాలో ప్రతిదానికీ ఒకే పని చేసే మ్యాప్, కావాల్సినవే ఏరే ఫిల్టర్, వాడు ప్రాణంగా చూసుకునే ఈ రెండూ అక్కడా ఉన్నాయి. ఇంటర్వ్యూలో మిగతావాళ్లు బట్టీపట్టి చెప్పేదాన్ని వీడు కారణంతో చెప్పగలడు. రోజుకి రెండు గంటలు జావా, ఎస్‌క్యూఎల్, ఆప్టిట్యూడ్. అవి అయ్యాకే హాస్కెల్. ఈ షరతు వాడు ఒప్పుకున్నాడు, మీరు రోజూ ఫోన్ చేసి అడగొద్దు.

పై చదువుకి ఆసక్తి ఉంటే వాడికి సరిపోయే చోట్లున్నాయి. చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో హాస్కెల్ పాఠం చెబుతారు. అక్కడి ప్రొఫెసర్లు మాధవన్ ముకుంద్, సురేష్ చెప్పిన హాస్కెల్ కోర్సు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉంది, ముందు అది మొత్తం పూర్తి చేయమనండి. ఓకామల్ అని దీనికి అన్నదమ్ముడి లాంటి భాష ఉంది. అది ప్రాసెసర్లోని ఎక్కువ కోర్ల మీద ఒకేసారి నడిచేలా చేసి 2022 డిసెంబరులో 5.0 విడుదల చేశారు. ఆ పనిలో ముఖ్యుడు కేసీ శివరామకృష్ణన్ ఐఐటీ మద్రాసు అధ్యాపకుడు. పలాస స్టేషన్లో రైలెక్కితే చెన్నై ఒక రాత్రి ప్రయాణం, అంతే. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ కూడా వస్తుంది. అదొక్కటే చాలదు గానీ మీ మీద భారం కొంత తగ్గుతుంది. ఈ మాట మీ ఇంటావిడకి కూడా చెప్పండి, వాడి మాటల్లో నాకు వినిపించిన ఇంటి కంగారు ఎక్కువగా ఆవిడదే.

బాబూ, ఇక నీకు. ఈమ్యాక్స్ ఫైలుని సంక్రాంతి దాకా ముట్టుకోకు. నిక్స్ఓఎస్ నచ్చితే ఉంచుకో, మళ్లీ మార్చకు. సంక్రాంతికి ఇంటికెళ్లేలోపు ఒక్క ప్రోగ్రాం పూర్తి చెయ్యి: ఎన్ని 80 కిలోల బస్తాలు వచ్చాయి, ఏ గ్రేడు పప్పు ఎన్ని కిలోలు దిగింది, ధర ప్రకారం ఎంత. వెబ్‌సైటు అక్కర్లేదు. నాన్నగారి గుమస్తా వాడే కంప్యూటర్లో నడిస్తే చాలు, ఆయన నెల రోజులు వాడాలి. ఆయన తిట్టిన ప్రతిదీ రాసుకుని సరిచేసి, గిట్‌హబ్‌లో పెట్టు. రెజ్యూమేలో మొదటి లైను అదే అవుతుంది.

అన్నట్టు, ఆదివారం నువ్వు రాసిన జాబితాలో గుండూ బద్దా ఉన్నాయి గానీ ముక్కా నుసీ లేవు. జాబితాలోనే లేనిదాని గురించి నీ కంపైలర్ నోరెత్తదు. నాన్నగారిని అడుగు.